నిజాం రైల్వే కాలం నాటి ఇంజన్, ట్రాలీ ఇప్పుడు ఎక్కడున్నాయో కనిపెట్టడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తాతగారు లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పాత ఫోటోలో ఒక ఆవిరి ఇంజన్, దాని పక్కన తనిఖీ ట్రాలీ (పట్టాలు చూసుకుంటూ పోవడానికి తోసే చిన్న బండి) ఉన్నాయి. అవి ఎక్కడైనా భద్రంగా ఉన్నాయా, తుక్కుకి వెళ్లిపోయాయా అని అడిగితే రైల్వే ఆఫీసులో "మాకు తెలియదు" అన్నారు.

వాళ్లు అబద్ధం చెప్పి ఉండరండి. మీరు తట్టిన తలుపు వేరు, కాగితం ఉన్న గది వేరు. ఇంజన్ మెకానికల్ శాఖ సొత్తు, ట్రాలీ ఇంజనీరింగ్ శాఖ సొత్తు. రెండూ తుక్కుగా అమ్ముడుపోతే ఆ లెక్క స్టోర్స్ శాఖ దగ్గర ఉంటుంది. ఒకే కాగితం మీద మూడూ అడిగితే ముగ్గురూ "మా పరిధి కాదు" అంటారు, ముగ్గురిదీ నిజమే అవుతుంది.

ముందు ఆ ఫోటోని భూతద్దంతో చూడండి. నంబరు కనపడకపోయినా టెండరు (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) మీదో, దీపం మీదో, ట్రాలీ చెక్క మీదో పొడి అక్షరాలు దొరుకుతాయి. కాలం తేల్చేది అవే. ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, అంటే కంపెనీ కాలం. 1930లో నిజాం ప్రభుత్వం సొంతం చేసుకున్నాక ఆ 'జి' పోయి ఎన్.ఎస్.ఆర్. అయింది. 1951 నుంచి సెంట్రల్ రైల్వే అక్షరాలు, 1966 అక్టోబరు 2 తర్వాత దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు. మన్మాడ్ వైపు మీటర్‌గేజ్ సామాను మీద హైదరాబాద్-గోదావరి వ్యాలీ పేరు కూడా కనిపిస్తుంది. తాళంకప్ప, చేతిదీపం, గంట, దేనికైనా ఇదే కొలత.

ఈ తేదీలు కాగితం ఏ ఊళ్లో వెతకాలో కూడా చెబుతాయి. సికింద్రాబాద్ ఆఫీసుల్లో 1951-66 మధ్య ఫైళ్లు అడిగితే ఖాళీ చేతులే ఎదురవుతాయి, ఎందుకంటే అప్పుడు పెద్దాఫీసు బొంబాయి. 1950కి ముందువైతే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. అక్కడ రైల్వే వార్షిక పాలనా నివేదికలు అడగండి. వాటిలో ఒక్కో బండి చరిత్ర ఉండదు గానీ, ఏ సంవత్సరం ఏ తరగతి (అంటే ఏ నమూనా) ఇంజన్లు కొన్నారో, ఎన్ని తీసేశారో తెలుస్తుంది. మీ ఇంజన్ ఏ తరగతిదో తేలితే సగం పని అయినట్టే. పాత దస్త్రాల్లో ఉర్దూ, ఫార్సీ ఎక్కువ. చదివే మనిషిని వెంట తీసుకెళ్లకపోతే ఆ రోజు వృథా.

ఇక నంబరు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. 1957లో దేశమంతా ఆవిరి ఇంజన్లకు ఒకే పద్ధతిలో కొత్త నంబర్లు ఇచ్చారు. కొన్ని రైల్వేల్లో పాత నంబరుకి ముందు అంకెలు చేర్చి సరిపెట్టారు: బెంగాల్ నాగపూర్ రైల్వే 815 అలాగే 38815 అయింది. అన్నీ ఇంత సుళువుగా ఉండవు. కాబట్టి 1940ల ఫోటోలోని నంబరుతో ఇప్పటి జాబితాలో వెతికితే ఏమీ దొరకదు. దొరికినా అది వేరే ఇంజన్ కావచ్చు. మారనిది తయారీ కంపెనీ వేసిన వరుస సంఖ్య ఒక్కటే. దాన్ని పట్టుకోండి.

ఆ సంఖ్య ఇత్తడి లేదా పోతపోసిన పలక మీద ఉంటుంది, స్మోక్ బాక్స్ (బాయిలర్ ముందు పొగ చేరే అర) పక్కనో, డ్రైవరు నిలబడే క్యాబ్ పక్కనో, సిలిండర్ దగ్గరో. ప్రదర్శనకు దిమ్మె ఎక్కించి నిలబెట్టిన ఇంజన్లలో చాలావాటికి ఈ పలక ఉండదు. ఎవరో ఊడదీసి తూకానికి అమ్ముకుని ఉంటారు. నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రం మిగిలి కనిపిస్తాయి. అప్పుడు చక్రాలను కలిపే రాడ్ల దగ్గరకు వెళ్లండి. రాడ్ చివర, పిన్ను ఉండే లావుపాటి భాగం పక్కన, సుత్తి, అక్షరాల ఉలితో కొట్టిన అంకెలు ఉంటాయి. ఏటేటా వేసిన నల్ల పెయింటు కింద అవి కనపడవు. టార్చిని ఎదురుగా వేస్తే లాభం లేదు, ఉక్కుకి ఆనించినట్టు పక్కనుంచి వేయండి, అంకెల నీడ లేస్తుంది. తర్వాత సుద్దముక్కను అడ్డంగా పెట్టి రుద్ది, అరచేత్తో తుడిస్తే పైదంతా పోయి గంటుల్లో తెల్లగా నిలుస్తుంది. పెయింటు మరీ మందమై గంటులు నిండిపోతే పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి. తీగ బ్రష్, పెయింటు తొలగించే మందు వద్దు. ఒకటి, అది మీ సొత్తు కాదు. రెండు, బ్రష్ గీతలకి ఆ అంకెలే పోతాయి.

ఒక్క రాడ్ చదివి నమ్మేయకండి. కుడివైపు రెండు, ఎడమవైపు రెండు చదవండి. వర్క్‌షాపులో ఒక ఇంజన్ రాడ్ తీసి ఇంకోదానికి బిగించడం రోజూ జరిగే పనే. బాయిలర్ అయితే మరీను: ఇంజన్‌ని త్వరగా బయటికి పంపాలని రిపేరై సిద్ధంగా ఉన్న బాయిలర్‌నే ఎక్కించేవారు. బాయిలర్ పలక మీదున్న నంబరు బాయిలర్‌దే, ఇంజన్‌ది కాదు. టెండరుకీ తన పలక తనకే ఉంటుంది. ఇంజన్ అంటే దాని ఫ్రేము, తక్కినవన్నీ మారే భాగాలు. నాలుగు రాడ్లలో మూడు ఒకే మాట చెబితే ఒప్పుకోవచ్చు, రెండూ రెండూ అయితే ఫ్రేము మీద వెతకాలి. పక్కనున్న బోర్డు మీద తెల్లరంగుతో రాసిన చరిత్ర నా లెక్కలో ఆధారమే కాదు. రంగు వేసేవాడు పాతది చూసి రాస్తాడు, అంతకు ముందువాడు వినికిడితో రాసి ఉంటాడు.

టేపు తప్పకుండా తీసుకెళ్లండి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం బ్రాడ్‌గేజ్‌కి సుమారు 1600 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్‌కి 930. పట్టాల మధ్య కొలిచి లాభం లేదు, ప్రదర్శనకు పెట్టినప్పుడు పట్టాలు ఎలాగో ఒకలా పరిచేస్తారు. గేజ్ తేలితే జాబితాలో సగం పేర్లు కొట్టేయొచ్చు.

ఫోటోలో రైలు పెట్టె కూడా ఉంటే, పెట్టెల సంగతి ఇంజన్ల కంటే తేలిక. అయిదంకెల నంబరు ఉంటే మొదటి రెండూ తయారైన సంవత్సరం: 66తో మొదలైతే 1966. కాకపోతే పూర్తిగా తిరగగట్టిన పెట్టెలకి ఆ సంవత్సరమే వేస్తారు, కాబట్టి కింద ఫ్రేము మీది తయారీ పలకతో సరిచూడండి. పెట్టె చివరి గోడ మీద చివరిసారి పెద్ద మరమ్మతు ఎక్కడ, ఎప్పుడు జరిగిందో స్టెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఎల్‌జీడీఎస్ అంటే లాలాగూడ. ఆ తేదీ తర్వాతే అది సర్వీసులోంచి తప్పుకుంది, వెతుకులాట అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ట్రాలీ విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి. నలుగురు మనుషులు ఎత్తి పట్టాల పక్కన పెట్టే వస్తువు, చక్రాలు, ఇరుసులు తప్ప చాలావరకు చెక్కే. చెక్క కుళ్లితే చెక్క, ఇరుసు అరిగితే ఇరుసు మారుస్తూ పోతే యాభై ఏళ్లకి దానిలో మొదటి ముక్క మిగలదు. అయినా వెతకాలంటే అడగాల్సింది ఆ సెక్షన్‌లో పట్టాల పని చూసే పర్మనెంట్ వే ఇంజనీరు ఆఫీసులో. ఏ ట్రాలీ ఎవరి పేర ఉందో వాళ్ల రిజిస్టర్లోనే తెలుస్తుంది. మోటారు ట్రాలీ అయితే ఇంజన్ బ్లాక్ మీద తయారీ సంఖ్య ఉంటుంది, అది దొరికితే అదృష్టం. ట్రామునీ కొందరు ట్రాలీ అంటారు గానీ, మీ ఫోటోలోది అది కాదు లెండి. ఎవరైనా ట్రాము కోసం వెతుకుతుంటే ఒక మాట: బొంబాయిలో ట్రాములు 1964లో ఆగిపోయాయి, ఇప్పుడు అక్కడ భాటియా బాగ్‌లో నిలబెట్టింది కలకత్తా నుంచి తెచ్చిన పెట్టె. ఊరు చూసి బండి చరిత్ర రాయకూడదు.

వస్తువులు ఎంత దూరం వెళతాయో తెలియాలంటే మన నిజాం రైల్వే అగ్నిమాపక వాహనమే చూడండి. 1914 నాటి జాన్ మోరిస్ బండి, ఇంగ్లండులో చేసింది. హైదరాబాద్‌లో వెతికితే దొరకదు, ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది, అక్కడి పాత కార్ల ర్యాలీల్లో కూడా పాల్గొంటుంది. పాటియాలా మోనో రైలు ఇంజన్‌ని 1962లో పాత రైళ్ల అభిమాని మైక్ సాటో అక్కడి ప్రజాపనుల శాఖ తుక్కులో కనిపెట్టారు, అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేశారు. గమనించండి, అది దొరికింది రైల్వే షెడ్డులో కాదు. డార్జిలింగ్ కొండ రైలు ఇంజన్ 778 ఇంకా దూరం వెళ్లింది: మొదట నంబరు 19, 1962లో అమెరికాకి, అక్కణ్ణుంచి ఇంగ్లండుకి. అందుకే మీ ఇంజన్‌ని రైల్వే ఆస్తుల్లోనే కాకుండా చక్కెర మిల్లులు, ఇంజనీరింగ్ కాలేజీలు, పార్కులు, ప్రభుత్వ శాఖల యార్డుల్లో కూడా వెతకాలి. నిజాం రైల్వేకి ఇంకో మలుపు ఉంది. 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది ఆ రైల్వేనే, అదే తర్వాత ఆర్టీసీ అయింది. కొంత సామాను ఆ దారిన కూడా వెళ్లి ఉండొచ్చు. ఇక్కడికిక్కడే చూడాలంటే సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే పెద్దాఫీసు రైల్ నిలయం దగ్గర 'సర్ అలెక్' అనే చిన్న ఆవిరి ఇంజన్ ఉంది. రాడ్ చదవడం నేర్చుకోవడానికి మంచి చోటు, ముందు గేటు దగ్గర అనుమతి అడగండి.

ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు. "ఫలానా ఇంజన్ ఎక్కడుంది?" అని రాయకండి. ఉన్న కాగితం ఇవ్వడమే అధికారి పని, మీ కోసం వెతికి జవాబు తయారుచేయడం కాదు. కాగితం పేరు పెట్టి అడగండి (కండెమ్ చేయడం అంటే ఇక పనికిరాదని తేల్చి తీసేయడం). ఇలా:

"ఇంజన్ నంబరు ఫలానా. ఒకటి, దీన్ని కండెమ్ చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు నకలు. రెండు, కండెమ్ చేశాక దీన్ని ఏ డిపోకి లేదా సంస్థకి అప్పగించారో తెలిపే చలానా, గేట్‌పాస్ నకళ్లు. మూడు, మీ జోన్‌లో ప్రదర్శనకు ఉంచిన పాత ఇంజన్లు, పెట్టెల జాబితా, రకం, నంబరు, చోటుతో. నాలుగు, పై దస్త్రాలు నాశనం చేసి ఉంటే, నాశనం చేసినట్టు నమోదైన రిజిస్టరు పేజీ నకలు."

ఆ నాలుగోదే అసలు కీలకం. "దస్త్రాలు అందుబాటులో లేవు" అని ఒక్క వాక్యంతో తప్పించుకోవడం అప్పుడు కష్టం. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు, నకళ్లు పేజీకి 2 రూపాయలు. పేజీలు ఎన్నో తెలియకపోతే ఫైలు తనిఖీ అడగండి: మొదటి గంట ఉచితం, తర్వాత గంటకి 5 రూపాయలు. ఫైలు మీ కళ్లముందు ఉంటే మీరు అడగాలని కూడా తెలియని కాగితం బయటపడుతుంది. తమది కాని విషయమైతే 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకి బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతుంది, దరఖాస్తు చివర్లో ఆ సెక్షన్ గుర్తుచేస్తూ ఒక వాక్యం రాయండి. జవాబు రాకపోతే, వచ్చినా బాగోకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్. ఇంజన్‌కి ఒకటి, ట్రాలీకి ఒకటి, వేరువేరుగా పెట్టండి. 20 రూపాయల దగ్గర పొదుపు చూసుకుంటే రెండు నెలలు పోతాయి.

యార్డులోకి దూరి చూసొద్దాం అనుకోకండి. రైల్వే చట్టం సెక్షన్ 147 కింద అనుమతి లేకుండా ప్రవేశిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. వర్క్‌షాపు చూడాలంటే ప్రజా సంబంధాల ఆఫీసుకి ముందే రాయాలి. ఏప్రిల్ 18 వారసత్వ దినం అటూ ఇటూ అడిగితే పని తేలికగా అవుతుంది.

జుమ్మేరాత్ బజార్‌లో ఎన్.ఎస్.ఆర్. దీపాలు, తాళాలు, టోకెన్ బంతులు (తర్వాతి స్టేషన్ దాకా వెళ్లడానికి అనుమతిగా డ్రైవరుకి ఇచ్చేవి) కనిపిస్తే ఒక జాగ్రత్త. నిజమైన టోకెన్ బంతి మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి, ఆ రెంటి మధ్యే అది పనిచేసింది. ఆ రెండూ పక్కపక్క స్టేషన్లు కాకపోతే కొత్తగా చెక్కిందని అనుమానించండి. అక్షరాల అంచులు చేతికి పదునుగా తగిలినా అంతే, దశాబ్దాల తరబడి చేతులు మారిన ఇత్తడి అంచులు నున్నగా ఉంటాయి. కొంటే బిల్లు అడగండి, అమ్మేవాడు ఏ వేలంలో ఏ లాటు కింద కొన్నాడో దాని మీద రాయించుకోండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 చట్టం ఒకటుంది, ఆ కాగితం లేకపోతే ఎక్కడిదని చెప్పుకోవాల్సింది మీరే.

మీ ఫోటోలో ఇంజన్ ముందు చక్రాలు ఎన్ని, పెద్ద చక్రాలు ఎన్ని, సిలిండర్ ఫ్రేము బయట ఉందా లోపల ఉందా, ఈ మూడూ రాసి పెట్టండి. తరగతి ఏదో దాదాపు చెప్పొచ్చు, అప్పుడు దరఖాస్తులో ఏ నంబర్ల మధ్య అడగాలో తేలుతుంది.