చిక్కీ కవరుతో మొదలుపెట్టు

చి. సుజాతకు మేనత్త ఆశీస్సులు.

మూడో తరగతి నీకిచ్చారనీ, పర్యావరణం గురించి పిల్లలకు ఎలా చెప్పాలో తోచడం లేదనీ రాశావు. ఓజోన్ పొర, భూతాపం ఇప్పుడే ఎత్తకు. ఎనిమిదేళ్ల పిల్లలు భయమైనా పడతారు, ఆవలింతలైనా తీస్తారు. పర్యావరణ దినోత్సవం, జూన్ 5, ఎలాగూ వేసవి సెలవుల్లోనే పోతుంది, మన బడులు తెరిచేది 12న. కాబట్టి ర్యాలీ, ప్లకార్డుల టెన్షన్ నీకు లేదు.

మధ్యాహ్న భోజనంలో చిక్కీ ఇచ్చే రోజు చూడు. తిన్నాక కవర్లు ఎక్కడికి పోతున్నాయో పిల్లలనే వెతకమను. మా బడిలో సగం మురుగుకాలవలో తేలేవి. నేను రిటైరయ్యే ముందు ఏడాది బడి వెనకాల మూరెడు లోతు గుంట తీయించి, ఒక చిక్కీ కవరు, అరటి తొక్క, రాసేసిన నోటుబుక్కు కాగితం, గుప్పెడు వేపాకులు వేసి పూడ్పించాను. గుర్తుకి పైన ఒక రాయి. సంక్రాంతి సెలవులయ్యాక తవ్వితే తొక్క జాడే లేదు, కాగితం మట్టయిపోయింది. కవరు మీది అక్షరాలు మాత్రం ఒకడు కూడబలుక్కుని చదివేశాడు. "మరి దీన్ని మా గేదె తింటే?" అని ఇంకొకడు. ఆ పూట నేను పాఠం చెప్పనే లేదు, వాళ్లే వాదించుకున్నారు.

నేను చేసిన తప్పు ఒకటుంది, నువ్వు చెయ్యకు. ఒకసారి ఆవేశంలో "ఈ కవర్లలో సరుకులమ్మేవాళ్లే ఊరిని పాడుచేస్తున్నారు" అనేశాను. బడి ఎదురుగా బడ్డీకొట్టు నడిపేది ముందు వరసలో కూర్చున్న పిల్ల వాళ్లమ్మే. క్లాసంతా దాని వంక తిరిగింది. అది తలొంచుకుని పుస్తకం అంచు నలుపుతూ కూర్చుంది. వారం దాకా నాతో మాట్లాడలేదు. ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్ల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. దాన్ని అమలు చేసుకోవాల్సింది పెద్దవాళ్లు, ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టకూడదు.

మొక్కలు తలా ఒకటి అనకు, సగం ఎండిపోతాయి. ఇద్దరికొకటి చాలు. కంచాలు కడిగే కుళాయి దగ్గర కరివేపాకు, మందారం పెట్టించు. వేసవిలో నీళ్లకి వంటమ్మని ఇప్పటినుంచే మంచి చేసుకో.

కోతలప్పుడు ఏ పిల్లాడి నాన్ననైనా అడిగి వరికంకుల కుచ్చు తెప్పించి వరండా చూరుకి కట్టు. పిచ్చుకలొస్తే లెక్కల క్లాసు పది నిమిషాలు ఆగిపోతుంది, ఆగనీ. హెడ్‌మాస్టరు గారు అడిగితే పరిసరాల విజ్ఞానం పీరియడ్ అని చెప్పు.

మీ అత్త