చేత్తో చేసిన మట్టి పాత్రలకు ఏ గ్లేజు (కాలిస్తే గాజులా మారే పూత) రంగులు జోడీ కుదురుతాయి?

ముందు చూడాల్సింది రంగు కాదు, రెండు గ్లేజులూ ఒకే ఉష్ణోగ్రతకు కాలేవేనా అన్నది. ఒకటి 1050 డిగ్రీల సెల్సియస్‌కు, రెండోది 1220కి అయితే ఆ జోడీని వదిలేయండి.

తర్వాత మట్టి. తెల్లమట్టి మీద మెరిసే నీలం, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి మీద మసకబారుతుంది. ఎర్రమట్టికి తేనెరంగు, మీగడ తెలుపు చక్కగా నప్పుతాయి.

డబ్బాలో కనిపించే రంగును మాత్రం అస్సలు నమ్మొద్దు. నల్లటి కోబాల్ట్ ఆక్సైడ్ గ్లేజులో కరిగి కాలాక నీలమవుతుంది. రాగి మామూలుగా ఆకుపచ్చనిస్తుంది, కొలిమిలో ఆక్సిజన్ తగ్గిస్తే ఎరుపు. క్రోమియం ఉన్న ఆకుపచ్చ దగ్గర తగరం (టిన్) ఉన్న తెలుపు పెడితే, ఆ తెలుపు గులాబీ రంగుకు తిరగొచ్చు. రెండూ తగలక్కర్లేదు, పక్క పాత్ర నుంచి వచ్చే ఆవిరే చాలు!

అందుకే చిన్న మట్టి పలకల మీద టెస్ట్ చేయండి. నీలం మీద తెలుపు, తెలుపు మీద నీలం రెండూ వేసి చూడండి, ఫలితం ఒకేలా ఉండదు. పలకను నిలబెట్టి కాలిస్తే ఎంత కారుతుందో కూడా తెలుస్తుంది.

మొదటిసారైతే కింద కాలేటప్పుడు కదలని మ్యాట్ (మెరుపు లేని) గ్లేజు, పైన అంచు దగ్గర మాత్రమే పారే గ్లేజు వేయమంటాను.