సైన్యం, ప్రభుత్వం మీద రీసెర్చ్ చేస్తే కెరీర్ ఉంటుందా?

పొలిటికల్ సైన్స్ పీజీ చేస్తున్నా, బలగాల మీద పీహెచ్‌డీ అంటే ఇంట్లో నవ్వుతున్నారు అని రాశారు కదా, మా ఇంట్లోనూ నవ్వారండి. మాది ఒడిశాలో చిత్రకొండ, మల్కన్‌గిరి జిల్లా. తాత బలిమెల డ్యామ్ పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా.

నాకీ పిచ్చి పట్టింది 2011 ఫిబ్రవరిలో. మా కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని మావోయిస్టులు ఎత్తుకుపోతే, మధ్యవర్తుల్లో హరగోపాల్ గారు ఒకరు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చెప్పిన ప్రొఫెసర్. టీవీ చూస్తూ మా నాన్న "నీ చదువుకి ఇలాంటి పని కూడా ఉంటదేట్రా" అన్నాడు. అప్పటిదాకా ఆ సబ్జెక్టు పాసైతే చాలనుకునేవాణ్ణి.

మా వైపు తుపాకీ, యూనిఫాం ఉన్న ప్రతివాడూ మిలట్రీయే. కానీ మా లాంచీ రేవులో కూర్చున్నది బీఎస్‌ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం), 1965లో బోర్డర్ కోసం పెట్టింది, హోం శాఖ కింద. ఆర్మీ రక్షణ శాఖ కింద. పోలీసు, శాంతిభద్రతలేమో రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మరి ఢిల్లీ బలగం మా ఊళ్లో సంచీ తెరవమంటే, తేడా వస్తే జవాబు ఎవరు చెప్పాలి, భువనేశ్వరా ఢిల్లీయా? నా థీసిస్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నే, 4 ఏళ్లనుకున్నది 7 ఏళ్లు పట్టింది.

డబ్బు సంగతి: నెట్ పరీక్ష కొట్టి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37 వేలు, అది లేకుండా దిగొద్దు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కోసం గెస్ట్ లెక్చరర్‌గా చాలా కాలం తిరగాలి, నేనూ తిరిగాను, ఒకచోట ఆర్నెల్ల జీతం ఇప్పటికీ రాలేదు. ఇంకోటి, కాగితాలు దొరకవు. ఆర్టీఐ చట్టం సెక్షన్ 24 కింద బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్‌లకి మినహాయింపు, అవినీతి, మానవ హక్కుల ఆరోపణలైతేనే అడగొచ్చు. నా దరఖాస్తు ఒక్క లైన్ జవాబుతో తిరిగొచ్చింది. అందుకే పార్లమెంటు జవాబులు, కాగ్ (ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టులు చదవడం అలవాటు చేసుకోండి, మిగతాదంతా మనుషుల్ని అడిగి తెలుసుకోవడమే.

ఆ అడగడం ఎలా మొదలైందంటే, అప్పటికి బలిమెల రిజర్వాయర్ మీద గురుప్రియ వంతెన లేదు (2018లో వచ్చింది), అవతలికి లాంచీలో పోవాలి. రేవులో రిజిస్టర్, పేరు, ఊరు, వచ్చిన పని. నేను "చదువు" అని రాశా. జవాను నా నోట్‌బుక్ లాక్కుని తిరగేశాడు, తెలుగు కదా, ఒక్క ముక్క అర్థం కాలేదు, లోపల్నుంచి ఇంకో ఆయన్ని పిలిచాడు, చూస్తే శ్రీకాకుళం ఆయన. రెండు పేజీలు నిలబడే చదివి "ఏటి తమ్ముడూ, మా క్యాంపు గురించి ఇంత రాశావు, పప్పు నీళ్లగా ఉంటదని రాయలేదేం" అన్నాడు. నా మొదటి ఇంటర్వ్యూ ఆయనదే, గంటన్నర. తుపాకీ మాట ఒక్కసారి కూడా రాలేదు, మొత్తం సెలవు గురించే.