వెనక వాయించు, నెమ్మదించకు

అమ్మడూ,

2025 అక్టోబరులో అమెరికన్ గాయకుడు డిఆంజెలో పోయినప్పటి నుంచీ ఆయన ‘వూడూ’ ఆల్బం మొత్తం స్టేజీ మీద వాయిస్తానని పట్టుబట్టావట, మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. భయమూ వేసింది.

స్పేర్ కేబులూ ట్యూనరూ నేను చెప్పాలా? నీ బేసు గిటారుకు ఫ్లాట్‌వౌండ్ తీగలు, అదే పైచుట్టు నున్నగా ఉండేవి, వెయ్యి, ట్రెబుల్ తగ్గించు, బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టు.

అసలు సంగతి ఇది. ‘దెబ్బకు కాస్త వెనక పడి వాయించాలట’ అని విని బ్యాండులో అందరూ వెనక పడతారు. అందరూ కలిసి వెనక పడితే అది వెనకబాటు ఎలా అవుతుందే? పాటే నెమ్మదిస్తుంది. నిమిషానికి 80 దెబ్బలతో మొదలైంది చివరికి 74కి దిగుతుంది, జనం ఫోన్లు తీస్తారు. ఆ రికార్డు వినవే: క్వెస్ట్‌లవ్ డ్రమ్స్ గోడలా నిలబడితే పినో పల్లడినో బేసు దానికి వాలుతుంది. గోడ లేకుండా వాలితే పడతాం. ఈ నడకకు మూలం హిప్‌హాప్ నిర్మాత జె డిల్లా. ఎంపీసీ డ్రమ్ మెషీన్లో టైము సరిదిద్దే సౌకర్యం ఆపేసి చేత్తో కొట్టేవాడు. ‘వూడూ’ రికార్డు చేసిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో మనుషులు ఆ మెషీన్ నడకనే పట్టుకున్నారు, టేపు మీద.

80 టెంపోలో ఒక దెబ్బ 750 మిల్లీసెకన్లు. డ్రమ్స్ ట్రాకు కదపకుండా నీ బేసు ట్రాకును 15, 30, 60 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి విను. నా చెవికి 15 దగ్గర తేడా అంతగా తెలియదు, 30 దగ్గర తల ఊగుతుంది, 60 దగ్గర తప్పులా ఉంటుంది. చిన్నప్పటి మృదంగం క్లాసులో విన్న అనాగతం, అంటే తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడం, ఇది కాదు. అక్కడ ఎత్తుగడ చోటు లెక్కకు దొరుకుతుంది, ఇది లెక్కల సందులో ఉంటుంది.

ఇంకోటి, ఆలస్యం స్వరం మొదలుకే. స్నేర్ డ్రమ్ దెబ్బ పడగానే తీగ మీద చెయ్యి ఆనించి స్వరాన్ని కోసెయ్యి. అది సాగితే బురదే. రిహార్సల్‌లో మెట్రోనోమ్ క్లిక్‌ను ఎనిమిది బార్లు ఆపి మళ్లీ పెట్టండి, ఎవరు జారారో అప్పుడు బయటపడుతుంది.

‘స్పానిష్ జాయింట్’, ‘ది రూట్’ పాటల్లో బేసు పినోది కాదు. చార్లీ హంటర్ ఎనిమిది తీగల గిటారు మీద బేసూ గిటారూ ఒక్కడే వాయించాడు. నువ్వూ మీ గిటారు అబ్బాయీ ఒకే మనిషిలా ఊపిరి తీసుకోవాలి, ఆ రెండు పాటలూ ముందు నేర్చుకోండి.

ఫ్లాట్‌వౌండ్ తీగలు బిగువుగా ఉంటాయి. మణికట్టు నొప్పెడితే ఆ రోజుకి ఆపెయ్యి, మొండికెయ్యకు తల్లీ. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో, నవ్వేవాళ్లను నవ్వనీ.

రిహార్సల్ రికార్డింగు పంపు. డ్రమ్సూ బేసూ వేరువేరుగా.

మావయ్య