క్లీవ్‌లాండ్ శనివారాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 1960లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చదువుకున్న మా పెదనాన్నగారు ‘అప్‌బీట్’ అనే పాటలు, డాన్సుల టీవీ షో గురించి ఇప్పటికీ చెబుతుంటారు. శనివారం వచ్చిందంటే హాస్టల్‌లో అందరూ టీవీ ముందే ఉండేవారట. యూట్యూబ్‌లో వెతికితే కొన్ని ముక్కలు మాత్రమే దొరికాయి. ఏళ్ల తరబడి నడిచిన షో ఏమైపోయింది? ఒక ఊరి స్టేషన్‌కి అంత పెద్ద గాయకులు ఎందుకొచ్చేవాళ్లు?

జవాబు: ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను. పెదనాన్నగారు చూసింది డబ్ల్యూఈడబ్ల్యూఎస్ అనే స్టేషన్‌లో, ఐదో నంబరు ఛానల్. అందుకే 1964లో మొదలైనప్పుడు షో పేరు ‘ది బిగ్ 5 షో’. ‘అప్‌బీట్’ అనే పేరు తర్వాత వచ్చింది. నిర్మాత హెర్మన్ స్పెరో, వ్యాఖ్యాత డాన్ వెబ్‌స్టర్. ఈ వెబ్‌స్టరే తర్వాత అదే స్టేషన్‌లో చాలా ఏళ్లు వాతావరణ వార్తలు చెప్పారు. షో 1971 దాకా నడిచింది.

ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఊళ్ల స్టేషన్లకు సొంతంగా ఇలాంటి షో ఒకటి ఉండేది. పెద్ద నెట్‌వర్క్ ఇచ్చే కార్యక్రమాలు రోజంతటికీ సరిపోవు, మధ్యలో ఖాళీ వేళలు మిగులుతాయి. వాటిని నింపడానికి ఇంతకంటే చవక దారి లేదు. రికార్డు కంపెనీలు రికార్డులు ఊరికే ఇస్తాయి. బడి పిల్లలు వచ్చి ఊరికే డాన్స్ చేస్తారు. ఊళ్లో కచేరీకి వచ్చిన గాయకుణ్ణి కంపెనీ మనిషే కారెక్కించి స్టూడియోకి తెస్తాడు, కొత్త రికార్డు అమ్ముడుపోవాలి కదా. పైగా క్లీవ్‌లాండ్ మామూలు ఊరు కాదు. అలన్ ఫ్రీడ్ అనే వ్యాఖ్యాత రేడియోలో రాక్ అండ్ రోల్ సంగీతాన్ని మోగించిన ఊరు. 1952 మార్చిలో ఆయన పెట్టిన కచేరీకి పట్టనంత జనం వచ్చి, మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ‘అప్‌బీట్’ను మెల్లగా వేరే నగరాల స్టేషన్లు కూడా కొనుక్కున్నాయి. అప్పట్నుంచి ఆ స్టూడియోలో ఒక్క మధ్యాహ్నం గడిపితే చాలు, గాయకుడు ఎన్నో ఊళ్లలో కనిపించేవాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి వేరే ఉంది. పేరున్నవాళ్లు నిలబడ్డ నేల మీదే ఆ ఊరి కుర్రాళ్ల బ్యాండ్లు కూడా నిలబడేవి. పక్క వీధిలో గిటార్ వాయించే అబ్బాయిని టీవీలో చూసిన పిల్లాడికి తనూ వాయించవచ్చని అనిపించదా? రికార్డులు కొన్నంత మాత్రాన ఆ ధైర్యం వస్తుందనుకోను.

ఇక టేపుల సంగతి. ఇది నాకు దగ్గరి విషయం. నేను ఇరవై రెండేళ్లు ఒక స్టూడియో టేప్ లైబ్రరీలో పనిచేశాను. కొత్త టేపులకు బడ్జెట్ లేదన్న కబురు పైనుంచి వచ్చినప్పుడల్లా ర్యాక్‌లోంచి పాతవి తీసి, టేపు తుడిచే ఎరేజర్ యంత్రం మీద పెట్టేవాణ్ణి. అరనిమిషంలో గంట కార్యక్రమం పోయేది. వాటిలో పిల్లల పాటల కార్యక్రమాలున్నాయి, ఇప్పుడు లేని ఓ పెద్దాయన హరికథ ఉంది. లేబుల్ గీకేసి కొత్తది అంటించిన చేతులు ఇవే. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

క్లీవ్‌లాండ్‌లాంటి చోట్ల జరిగిందీ దాదాపు ఇదే. యాంపెక్స్ కంపెనీ 1956లో చూపించిన మొదటి వీడియో టేప్ యంత్రం ఖరీదు దాదాపు 50,000 డాలర్లు. అందులో వేసే రెండంగుళాల వెడల్పు టేపు గంట రీలు 300 డాలర్ల దాకా ఉండేది. అంత ఖరీదైన రీలును ఒక్క షో రికార్డు చేసి బీరువాలో పెట్టేయాలని ఎవరికీ అనిపించలేదు. వేరే ఊళ్లకు అమ్మిన షోలదీ అదే దారి. ఒక స్టేషన్ ప్రసారం చేసి, అదే టేపును పార్శిల్‌లో తర్వాతి స్టేషన్‌కి పంపేది. ఆ పనిలో ఉన్నవాళ్లు దీన్ని ‘బైసైక్లింగ్’ అనేవారు. అలా చుట్టూ తిరిగి ఇంటికొచ్చిన టేపు మీద మళ్లీ కొత్త షో ఎక్కేది.

అయినా కొన్ని మిగిలాయి. పెదనాన్నగారికి 1967 డిసెంబర్ 9 నాటిది చూపించండి. గాయకుడు ఓటిస్ రెడ్డింగ్, ఆయన వెంట వాయించే బార్-కేస్ బృందం. చివర్లో మిచ్ రైడర్ అనే గాయకుడు కూడా వచ్చి కలిసి పాడతాడు. మర్నాడు రెడ్డింగ్, బార్-కేస్ వాళ్లు ఎక్కిన చిన్న విమానం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ దగ్గర మొనోనా సరస్సులో కూలిపోయింది. ఎనిమిది మందిలో ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే బతికాడు. రెడ్డింగ్ వయసు 26. పోయిన నలుగురు వాద్యకారుల్లో ఒక్కరికీ ఇరవై నిండలేదు. ఆ టేపును కూడా ఎవరైనా వచ్చే వారం షో కోసం తుడిచేసి ఉండొచ్చు. తుడవని ఆ మనిషెవరో గానీ, నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

ప్రశ్న: ఇలాంటి షోలలో నిజంగా పాడేవాళ్లా, పెదవులు కదిపేవాళ్లా?

జవాబు: ఎక్కువగా పెదవులే. రికార్డు వెనక మోగుతుంటే దానికి తగ్గట్టు నోరు కదిపేవాళ్లు. మోసం అనుకోకండి. చిన్న స్టూడియోలో డ్రమ్ములు, గిటార్లు, గొంతు విడివిడిగా పట్టడానికి సరిపడా మైకులు, మిక్సింగ్ ఉండేవి కావు. ఈసారి చూసేటప్పుడు ఎలక్ట్రిక్ గిటార్‌కి వైరు ఉందో లేదో గమనించండి. వైరు లేకపోతే మనకు వినిపించేది ఆ గిటార్ కాదు, రికార్డే.

ప్రశ్న: ఆ షోలలో నల్లజాతి పిల్లలను తెల్లపిల్లలతో కలిసి డాన్స్ చేయనిచ్చేవారా?

జవాబు: చాలాచోట్ల చేయనివ్వలేదు. పాటలు నల్లజాతి గాయకులవే, స్టూడియోలో చోటు మాత్రం తెల్లపిల్లలది. బాల్టిమోర్‌లో 1957లో మొదలైన ‘బడ్డీ డీన్ షో’ నల్లజాతి పిల్లలకు వేరే రోజు కేటాయించింది. 1963 ఆగస్టులో అలాంటి ఒక రోజున తెల్లపిల్లలు కొందరు కూడా లోపలికి వచ్చి, అందరూ కలిసి డాన్స్ చేశారు. అది నేరుగా ప్రసారమైంది. తర్వాత ఎంత గొడవైందంటే, అందరినీ కలిపి నడపడానికి ఒప్పుకోలేక స్టేషన్ 1964 జనవరిలో షోనే మూసేసింది. పిల్లలు సిద్ధంగానే ఉన్నారు, పెద్దవాళ్లు కారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

అందుకే ఇంకో రెండు పేర్లు చెప్పాలి. డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో 1955లో మిచ్ థామస్ అనే నల్లజాతి రేడియో వ్యాఖ్యాత సొంత డాన్స్ షో నడిపాడు. దగ్గర్లోని ఫిలడెల్ఫియాలో ‘బ్యాండ్‌స్టాండ్’ అనే టీవీ డాన్స్ షోకి వెళ్లే తెల్లపిల్లలు ఇంట్లో కూర్చుని ఈ షో చూసి ‘స్ట్రోల్’ అనే డాన్స్ నేర్చుకున్నారు. 1957లో ‘బ్యాండ్‌స్టాండ్’ దేశమంతా ప్రసారం కావడం మొదలయ్యాక అదే డాన్స్‌ను దేశమంతా చూసింది, థామస్ పేరు మాత్రం బయటికి రాలేదు. ఆయన షో మూడేళ్లకే ఆగిపోయింది. నార్త్ కరోలినాలోని రాలీలో జె.డి. లూయిస్ 1958లో ‘టీనేజ్ ఫ్రోలిక్స్’ మొదలుపెట్టాడు. అది 1980ల దాకా, ప్రతి శనివారం నడిచింది.