రాజులు పోయాక కూడా వాళ్ల చరిత్ర ఎందుకు?

"రాజులు పోయారు కదా, పౌరసత్వం గురించి తెలుసుకోవడానికి వాళ్ల చరిత్ర ఎందుకు?" అని తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి అడుగుతోందన్నారు. దానికి జవాబు నాకు మా జేజినాయన (తాత) వల్ల తెలిసింది.

మాది బనగానపల్లె దగ్గర పల్లె. ఆ పేరు వింటే అందరికీ మామిడిపండే గుర్తొస్తుంది గానీ, 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది నవాబుల సంస్థానం. "నవాబు మంచోడైతే మా అదృష్టం, కాకుంటే మా ఖర్మ" అనేవాడు జేజినాయన. పెద్దయ్యాక ఆ సంస్థానం చరిత్ర చదివితే ఆ మాట బరువు తెలిసింది. 1905లో నవాబు డబ్బు వ్యవహారాలు చెడిపోయాయని మద్రాసు గవర్నరు కొంతకాలం పాలన తన చేతుల్లోకి తీసుకున్నాడు. శిస్తు కట్టే రైతుకు అందులో మాట లేదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీసి, ఆయన తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. ఆ పేరు వింటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ పిల్లలకు వీరగాథ చెప్పి అక్కడితో ఆపకండి. సర్కారును నిలదీయాలంటే ఆ రోజుల్లో తల ఇవ్వాల్సి వచ్చిందని కూడా చెప్పండి.

మూడేళ్ల కింద మా నాయన పొలం రికార్డులో సర్వే నంబరు తప్పు పడింది. ఎన్నిసార్లు తిరిగినా జవాబు లేదు. చివరికి సమాచార హక్కు చట్టం కింద మండల స్థాయిలో 5 రూపాయల ఫీజు కట్టి అర్జీ పెట్టాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇచ్చారు. తప్పు దిద్దించుకోడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది, ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. అయినా మా నాయన దాన్ని ఖర్మ అనుకుని ఊరుకోవాల్సిన పని లేకపోయింది.

అందుకే కృష్ణదేవరాయల పాఠమైనా, కుంఫిణీ కాలంలో మన సీమకు కలెక్టరుగా చేసిన మన్రో పాఠమైనా, మీ అమ్మాయిని ఒకటే అడగమనండి: పాలించేవాడు తప్పు చేస్తే మామూలు మనిషి ఎవరికి చెప్పుకునేవాడు?

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల మొదటి ఓటు గురించి కూడా అడగమనండి. మా జేజినాయన 1952లో వేశాడు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చదువు రాని మనిషి, గుర్తు చూసి వేసి వచ్చాడు. ఏ గుర్తుకు వేశాడో జేజికి కూడా చెప్పలేదంట.