నీళ్లు అద్దంలా ఉన్నా చేపలు పోయాయి

ప్రశ్న: ఉప్పునీటి అక్వేరియం పెట్టి పది రోజులైంది. నాలుగు క్లౌన్ చేపలు వేస్తే రెండు రోజుల్లో మూడు చనిపోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మిగిలిన ఒక్కదాని గురించి టెన్షన్‌గా ఉంది.

జవాబు: పోయే ముందు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, మొప్పలు గబగబా ఆడించాయా? నా మొదటి తొట్టిలో అదే చూశాను, ఇప్పటికీ మరిచిపోలేదు. అది చాలావరకు అమ్మోనియా పనే, అంటే చేపల వ్యర్థాల నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే విషం. తేట నీళ్లలోనూ ఉంటుంది, కంటికి కనపడదు. దాన్ని ముందు నైట్రైట్‌గా (ఇదీ చేపలకు విషమే), తర్వాత అంత హాని చేయని పదార్థంగా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఇవాళే టెస్ట్ కిట్‌తో చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న, క్లోరిన్ లేని నీళ్లతో మూడో వంతు మార్చండి. మేత తగ్గించండి. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కుళాయి నీళ్లతో కడగకండి, ఉన్న కాస్త బ్యాక్టీరియా పోతుంది. రీడింగులు సున్నా దగ్గర నిలబడేదాకా కొత్త చేపలు వద్దు.